పెళ్ళిలో గిటార్, పాటల పంచాయితీ

మా ఇంట్లో గిటార్ పట్టుకునేది నేనొక్కదాన్నే కాబట్టి ఏ ఫంక్షన్ వచ్చినా "అది వస్తోందిగా, వాయిస్తుందిలే" అని వాళ్ళలో వాళ్ళే అనేసుకుంటారు, నన్ను అడగడం అంటూ ఉండదు, ఎన్నింటికి రావాలో చెప్తారంతే. ఈసారి పిన్ని కూతురి పెళ్ళి, తణుకులో. ముందు రోజు సాయంత్రం సంగీత్ పెట్టాల్సిందే అని పెళ్ళికూతురు పట్టుబట్టింది. సంగీత్ అంటే ఏం చేస్తారే అని అమ్మమ్మ అడిగితే పిన్ని కూర్చుని అంతా వివరించింది, మొత్తం విని ఆవిడ "పెళ్ళికూతుర్ని చేసిన సాయంత్రం ఆడవాళ్ళం అంతా చేరి పాడుకునేవాళ్ళం, అదేగా, కొత్తగా కనిపెట్టినట్టు చెప్తావేంటి" అంది.

సరే ఎవరికి ఏం పాటలు కావాలో పంపండి అని ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్ పెట్టి స్నానానికెళ్ళి వచ్చేసరికి గ్రూప్ నిండిపోయింది. బాబాయి, అంటే పెళ్ళికూతురి నాన్న, మొత్తం ఇళయరాజా. పెద్దమ్మ మొత్తం ఘంటసాల, ఆ ఊపులో భగవద్గీత లింక్ కూడా పెట్టేసింది, అది మన ఊళ్ళల్లో ఏ ఇంటి ముందు మోగుతుందో తెలియనట్టు, మావయ్య వెంటనే "అక్కా అది డిలీట్ చెయ్యవే తల్లీ" అని మెసేజ్. పిల్లలు బుట్టబొమ్మ. పెళ్ళికూతురు ఏమో రీల్స్ పంపింది, ఒక్కోటి పదిహేను సెకన్ల ముక్క, ఆ పాట మిగతాది ఎలా ఉంటుందో దానికే తెలీదు.

ఈ లిస్ట్ వడపోయడంలో నాకు కొన్ని విషయాలు బాగా క్లియర్ అయ్యాయి, ఇంట్లో పెళ్ళికి గిటార్ వాయించబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తాయని రాస్తున్నా.

మొట్టమొదట ఒప్పుకోవాల్సింది ఏంటంటే మన పెళ్ళి తంతులో గిటార్‌కి చోటు చాలా తక్కువ. ముహూర్తం టైం మొత్తం సన్నాయి, డోలు వాళ్ళదే రాజ్యం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తాళి కట్టేటప్పుడు పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం గట్టిమేళం" అనగానే వాళ్ళు దంచే దంచుడులో పక్కవాడి మాటే వినపడదు, వినపడకూడదనే ఆ మేళం, ఆ క్షణంలో ఎవడైనా తుమ్మినా అపశకునం మాట అన్నా అందులో కొట్టుకుపోవాలని మా పెద్దవాళ్ళు చెప్తారు. అక్కడ పక్కన స్టూల్ వేసుకుని మెల్లగా ఫింగర్‌పికింగ్ చేస్తానంటే ఎవరికి వినపడుతుంది. పైగా సన్నాయి శ్రుతి అనేది ఆ గొట్టంతోనే వచ్చేస్తుంది, మన కోసం అది మారదు, మనమే కాపో, అంటే గిటార్ మెడ మీద తీగల్ని నొక్కిపట్టి శ్రుతి పెంచే క్లిప్పు, జరుపుకుంటూ వాళ్ళ వెనకాల పరిగెత్తాలి. పెళ్ళికూతురికి, అంటే మా చెల్లికి, తలంబ్రాల టైంలో గిటార్ కావాలని గట్టి కోరిక, రీల్ కోసం. నేను మాత్రం మేళం వాళ్ళ పొట్ట కొట్టను అని చెప్పేశా.

ఇక మిగిలేవి ఏంటంటే సంగీత్, నలుగు పెట్టే టైం, రిసెప్షన్‌లో జనం ప్లేట్లు పట్టుకుని తిరిగే టైం. రిసెప్షన్‌కి ఏం వాయించినా ఒకటే, గులాబ్‌జామూన్ లైన్‌లో ఉన్నవాడు పాట వినడు, కాబట్టి దాని గురించి బుర్ర పాడు చేసుకోవడం అనవసరం. కానీ ఎవరూ లెక్కలోకి తీసుకోని ఇంకో టైం ఉంది, అసలు బంగారం అదే. ముహూర్తం తెల్లవారుజామున ఉందనుకోండి, రాత్రి భోజనాలయ్యాక సగం మంది రూములకెళ్ళి పడుకుంటారు, మిగతా సగం ఫంక్షన్ హాల్‌లో కుర్చీలు గుండ్రంగా లాక్కుని కబుర్లు, కాఫీ ఎప్పుడొస్తుందా అని వెయిటింగ్. ఆ టైంలో మైక్ ఉండదు, డీజే ఉండదు, వీడియో వాళ్ళు కూడా కునుకు తీస్తుంటారు. అప్పుడు గిటార్ తీస్తే మాత్రం నిజంగా పాడేవాళ్ళు బయటకొస్తారు.

ఇప్పుడు అసలు గొడవ, మాటల గొడవ. బాబాయి పంపిన వాటిలో టాప్‌లో ఉన్నది ఆమని పాడవే. 1989 గీతాంజలి. గిటార్ మీద ఆ ట్యూన్ ఎంత అందంగా పలుకుతుందో వాయించేవాళ్ళకి చెప్పక్కర్లేదు. కానీ ఆ సినిమాలో అది చావు దగ్గర పడిందని తెలిసిన కుర్రాడి పాట, వేటూరి గారు కూడా మాటల్లో ఏమీ దాచలేదు. పెళ్ళికి ముందు రోజు అది ఎలా వాయిస్తాం బాబాయ్ అంటే "పాడద్దే, ఊరికే ట్యూన్ వాయించు, ట్యూన్‌కి ఏం తెలుసు" అని ఆయన వాదన. మన జనం దగ్గర ఆ పప్పులుడకవు. మనం తీగ మీద పల్లవి అలా మీటామంటే చాలు, ఎదురుగా కూర్చున్న వాళ్ళ నోట్లో మాటలు వాటంతట అవే తిరిగేస్తాయి, ఇన్‌స్ట్రుమెంటల్ కదా అని మాటలు మాయమైపోవు. తెలుగు సినిమా పాటలో ట్యూన్‌నీ సాహిత్యాన్నీ విడదీయడం ఎవరి వల్లా కాదు.

అలాగని సినిమా కథ అంతా తవ్వుకుంటూ కూర్చుంటే ఒక్క పాట కూడా మిగలదు. మౌనమేలనోయి చూడండి, 1983 సాగరసంగమం. కథ ప్రకారం హీరోయిన్‌కి అప్పటికే పెళ్ళయి ఉంటుంది, చివరికి భర్తతోనే పంపించేస్తాడు హీరో. కానీ పాటలో ఆ బాధ ఎక్కడా లేదు, వెన్నెల, మౌనం, సిగ్గు, అంతే. అది చక్కగా వాయించుకోవచ్చు. ఇంకా సరదా అయినది రావోయి చందమామ. 1955 మిస్సమ్మలో వాళ్ళిద్దరూ అసలు మొగుడూ పెళ్ళాలే కాదు, ఉద్యోగం కోసం అలా నటిస్తుంటారు, పాట మొత్తం ఒకరి మీద ఒకరు చందమామకి చాడీలు చెప్పుకోవడం, పింగళి నాగేంద్రరావు గారి మార్కు వెటకారం. అయినా మా ఇంట్లో ఆ పాట పాడని పెళ్ళి లేదు, జనం పడీ పడీ నవ్వుకుంటూ పాడతారు. సో నేను పెట్టుకున్న రూల్ ఇదీ, సినిమా కథని మనవాళ్ళు క్షమించేస్తారు, పాటలో మాటని క్షమించరు. బాబాయికి ఈ రూల్ చెప్తే "ఐతే మౌనమేలనోయి రెండుసార్లు వాయించు" అని రాజీకొచ్చాడు.

రాగాల మీద కూడా మా పెదనాన్నకి పట్టింపులు ఉన్నాయి. ఆయన చిన్నప్పుడు గాత్రం నేర్చుకున్నాడు. "పెళ్ళిలో ముఖారి ముట్టుకోకు, ఆహిరి జోలికి అసలే వెళ్ళకు" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. ముఖారి అంటే ఏడుపు అని మనకి వాడుకలో పడిపోయింది గానీ శబరి భాగ్యాన్ని పొగుడుతూ త్యాగరాజు కట్టిన ఎంతనినే వర్ణింతును ముఖారిలోనేగా పెదనాన్నా అంటే కాసేపు ఆగి "అది నిజమే అనుకో, కానీ నువ్వు త్యాగరాజువి కాదుగా" అన్నాడు, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆహిరి పాడితే ఆ పూట అన్నం దొరకదని ఇంకో నమ్మకం. నేనెలాగూ గిటార్ మీద ఆహిరి వాయించే స్థాయిలో లేను, ఒకవేళ ఉన్నా గోదావరి జిల్లాలో పెళ్ళి భోజనాలకి అడ్డం పడే ధైర్యం ఎవరికుంది.

కొత్త పాటల సంగతి వేరే. సామజవరగమన, ఇంకేం ఇంకేం ఇంకేం కావాలే, నీలి నీలి ఆకాశం, ఈ మూడూ ప్రతి ఒక్కళ్ళూ అడుగుతారు, మూడింట్లోనూ సిద్ శ్రీరామ్ గొంతే. వినడానికి అద్భుతం, కానీ హాల్ నిండా జనం కలిసి పాడడానికి మాత్రం కష్టం. ఆ గొంతు ఒక అక్షరం మీద ఎక్కడెక్కడికో తిరిగొస్తుంది, మనవాళ్ళు మొదటి లైన్ గట్టిగా ఎత్తుకుని రెండో లైన్‌కి మెల్లగా, మూడో లైన్‌కి మ్మ్ మ్మ్ అంటూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం. ఆ మొహాలు చూశాక నాకు తట్టిన ఐడియానే నా సంగీత్ మొత్తానికి ఆధారం అయింది. మన జనానికి పల్లవి వచ్చు, చరణం రాదు. అంతే. ఘంటసాల పాటైనా తమన్ పాటైనా ఇదే వరస. ఒక్క పెద్దమ్మ లాంటి వాళ్ళకి తప్ప రెండో చరణం ఎవరికీ గుర్తుండదు, దాన్ని మనం నిజాయితీగా పూర్తిగా వాయిస్తూ కూర్చుంటే ఆ రెండు నిమిషాలూ పక్కన కబుర్లు మొదలైపోతాయి, ఒకసారి కబుర్లు మొదలయ్యాయంటే మళ్ళీ పాటలోకి లాక్కురావడం బ్రహ్మతరం కాదు.

అందుకని పల్లవులు మాత్రం తీసుకుని దండ గుచ్చినట్టు ఒకదానికొకటి తగిలించేశా, ప్రతి పల్లవీ రెండుసార్లు, మొదటిసారి గుర్తుపట్టడానికి, రెండోసారి గొంతు కలపడానికి. అన్నీ ఒకే స్కేల్‌లో పెట్టుకున్నా, కాపో కదపకుండా. ఇది మ్యూజిక్ పరంగా కొంచెం పాపమే, ఒక్కో పాటకి దాని ఒరిజినల్ పిచ్‌లో ఒక అందం ఉంటుంది. కానీ పాటకీ పాటకీ మధ్య కాపో మార్చి, ట్యూనింగ్ చూసుకుని, గొంతు సవరించుకునే ఆ అరనిమిషంలో ఎవడో ఒకడు "ఇంకో కాఫీ ఉందా" అంటాడు, అక్కడితో ఊపు పోతుంది. ఆడవాళ్ళు మగవాళ్ళు కలిసి పాడాలంటే అందరికీ సరిపోయే శ్రుతి అనేది ఎలాగూ దొరకదు, కచేరీల్లో మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నరలో పాడితే ఆడవాళ్ళు అయిదు, అయిదున్నరలో పాడతారు, అంటే సి దగ్గర వాళ్ళు, జి దగ్గర వీళ్ళు. నేను ఆడవాళ్ళకి హాయిగా ఉండేలా పెట్టేశా, మగవాళ్ళు కింద స్థాయిలో గొణుక్కుంటారు, మా ఇంట్లో మిగతా విషయాల్లో జరిగేది కూడా అదే.

దండలో మొదటి పువ్వు ఏంటా అని ఎక్కువ ఆలోచించలేదు. సీతారాముల కళ్యాణం చూతము రారండి. 1961లో వచ్చిన సీతారామ కళ్యాణం సినిమాలో పాట, గాలి పెంచల నరసింహారావు గారి సంగీతం, సుశీల గారి గొంతు. శ్రీరామనవమి పందిట్లో మైక్ పెట్టిన ప్రతి ఊళ్ళోనూ ఏటా మోగుతుంది కాబట్టి దీన్ని ఎవరూ నేర్చుకోనక్కర్లేదు, అందరికీ వచ్చేసే ఉంటుంది, అమెరికాలో పుట్టిన మా అత్తయ్య మనవడు కూడా పానకం గుర్తొచ్చి పాడేశాడు. దాని వెనకాలే శ్రీరస్తు శుభమస్తు. 1991 పెళ్ళిపుస్తకం, బాపు గారి సినిమా, ఆరుద్ర గారి మాటలు, మహదేవన్ గారి ట్యూన్. బాలు గారితో పాటు ఇందులోనూ సుశీల గారే. రెండిటికీ మధ్య ముప్పై ఏళ్ళు, వరసగా వాయిస్తుంటే ఆ ముప్పై ఏళ్ళు ఎక్కడా తెలీదు.

తర్వాతది అలనాటి రామచంద్రుడు, 2001 మురారి. మణిశర్మ, సిరివెన్నెల. ఈ పాట ప్రత్యేకత ఏంటంటే ఇది ఒక్క గొంతు పాడే పాట కాదు, పెళ్ళింట్లో ఆడవాళ్ళంతా కలిసి పాడుతున్నట్టే ఉంటుంది, అందుకే సంగీత్‌కి ఇంతకన్నా బాగా కుదిరే సినిమా పాట ఇంకోటి ఉందని నేననుకోను. సునీత గారితో పాటు ఇందులో వినపడే పెద్ద గొంతు జిక్కి గారిది. దీని పక్కనే రావోయి చందమామ పెట్టడానికి కారణం కూడా జిక్కి గారే, ఎందుకంటే రావోయి చందమామలో మగ గొంతు ఏ.ఎం. రాజా గారిది, ఆయన జిక్కి గారి భర్త. భార్య 2001లో పాడిన పెళ్ళిపాట నుంచి భర్త 1955లో పాడిన మొగుడూపెళ్ళాల కీచులాటకి డైరెక్టుగా వెళ్ళిపోవడం. ఈ ముచ్చట వాయించే ముందు చెప్తే పిల్లలకి పెద్దగా పట్టలేదు గానీ పెద్దమ్మ మాత్రం "అవునే, రాజా జిక్కి!" అని ఒక్కసారి నిటారుగా కూర్చుంది, ఆ తర్వాత ఆవిడ ఒక్కతే మిస్సమ్మ పాట చరణాలన్నీ పాడేసింది. పల్లవి సిద్ధాంతం అక్కడ పక్కన పెట్టేశా, పాడేవాళ్ళు దొరికినప్పుడు ఆపకూడదు.

పెళ్ళికొడుకు వాళ్ళది కరీంనగర్ వైపు. సంగీత్‌కి వాళ్ళ అక్కచెల్లెళ్ళు కూడా వచ్చారు, మా పాత పాటలన్నీ మర్యాదగా విని చప్పట్లు కొట్టి "వదినా, బుల్లెట్టు బండి వస్తదా" అని అడిగారు. మోహన భోగరాజు పాడిన పాట, 2021లో మంచిర్యాల వైపు ఒక పెళ్ళికూతురు బరాత్‌లో దానికి డాన్స్ చేసిన వీడియో ఊరూవాడా తిరిగింది, అప్పట్నుంచి అటువైపు అది లేకుండా బరాత్ కదలట్లేదు. పెళ్ళికూతురే తన గురించి తను చెప్పుకుంటూ నీ బండెక్కి వచ్చేస్తా అనే పాట కాబట్టి మాటల రూల్‌లో ఫస్ట్ క్లాస్‌లో పాస్. గిటార్‌కి మాత్రం అందులో పని తక్కువ, అంతా దెబ్బే. ఎడమ చేత్తో తీగలన్నీ మ్యూట్ చేసి, కుడి చేతి మడమతో గిటార్ బాడీ మీద, వేళ్ళతో తీగల మీద కొడుతూ ఉంటే తీన్మార్‌కి దగ్గర్లో ఏదో వస్తుంది, మిగతాది వాళ్ళ చప్పట్లు చూసుకున్నాయి. ఆ పాటతో రెండు వైపుల వాళ్ళూ మొదటిసారి కలిసి లేచారు, అప్పటిదాకా హాల్‌లో ఎవరి కుర్చీలు వాళ్ళవే.

ఇక అమ్మమ్మ. ఆవిడ పాడతానంటే మా అందరికీ ఆనందమే, నాకు మాత్రం కొంచెం భయం. ఆవిడకి శ్రుతి పెట్టెతో పని లేదు, ఎక్కడ తోస్తే అక్కడ ఎత్తుకుంటుంది, ఎత్తుకున్న చోటు వదలదు. ముందు నువ్వు సి కార్డ్, అంటే సి మీద కట్టిన మూడు స్వరాల గుత్తి, వాయించి "అమ్మమ్మా ఇక్కడ పాడు" అంటే ఆవిడ తలూపి తన చోటే తను పాడుతుంది. అందుకని మొదటి లైన్ ఏమీ వాయించకుండా వినడం, ఆవిడ స ఎక్కడుందో ఆరో తీగ మీద మెల్లగా వెతుక్కోవడం, దొరికాక కాపో అక్కడ పెట్టుకోవడం. రిహార్సల్ రోజు ఆవిడ స సరిగ్గా రెండు ఫ్రెట్ల, అంటే గిటార్ మెడ మీది మెట్ల, స్వరాల మధ్య పడింది, ట్యూనర్ ముల్లు అటూ ఇటూ కాకుండా నిలబడింది. అలాంటప్పుడు కార్డ్స్ అస్సలు వాయించకూడదు, ప్రతి కార్డూ పుల్లగా వినపడుతుంది. నేను చేసింది ఏంటంటే గిటార్‌ని డాడ్‌గాడ్ ట్యూనింగ్‌లో పెట్టా, అంటే ఆరో తీగ, రెండో తీగ, మొదటి తీగ ఒక్కో స్వరం కిందకి దించితే డి, ఏ, డి, జి, ఏ, డి వస్తాయి, సపసమపస అన్నమాట. ఇక ఊరికే స, ప మాత్రం తంబురాలా మీటుతూ ఉంటే రెండో లైన్ అయ్యేసరికి ఆవిడే మెల్లగా ఆ శ్రుతిలోకి వచ్చి కూర్చుంది. పెద్దవాళ్ళని మనం శ్రుతిలో పెట్టలేం గానీ శ్రుతిని వాళ్ళ చెవి దగ్గర ఉంచొచ్చు.

ఆవిడ పాడింది ముందు ఒక మంగళహారతి, తర్వాత సీతాకల్యాణ వైభోగమే. ఇది త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోది, కురంజి రాగం. స్వరాల పరంగా గిటార్‌కి సులువే, శంకరాభరణం నుంచి పుట్టిన రాగమే కాబట్టి మన మేజర్ స్కేల్‌లోనే తిరుగుతుంది. తంటా తాళంతో. ఖండచాపు, అంటే తక తకిట, అయిదు. సినిమా పాటలకి నాలుగు, ఆరు కొట్టడం అలవాటైన చెయ్యి అయిదుకి వచ్చేసరికి ఒకటి ఎక్కువో తక్కువో కొట్టేస్తుంది. స్ట్రమ్మింగ్ పూర్తిగా మానేసి, తక దగ్గర బొటనవేలితో ఒక బేస్ దెబ్బ, తకిట దగ్గర ఇంకో దెబ్బ, ఈ రెండే కొట్టుకుంటూ పోయా, మధ్యలో ఖాళీలన్నీ అమ్మమ్మ చేతి తాళమే నింపింది. అదే ఆ రోజు మొత్తంలో అందరూ ఫోన్లు ఎత్తి రికార్డ్ చేసుకున్న ఐటం. నా గిటార్ అందులో దాదాపు వినపడదు, అలా ఉండడమే బావుంది.

చెల్లి గట్టిగా అడిగిన ఇంకో పాట గాజుబొమ్మ, 2023 హాయ్ నాన్న, నాన్న కూతురి కోసం పాడే పాట. దాన్ని అప్పగింతల టైంలో వాయించమంది. అప్పగింతలప్పుడు ఇంట్లోవాళ్ళం నిజంగా ఏడుస్తుంటాం, ఆ టైంలో నేను గిటార్ పట్టుకుని మూల నిలబడితే అది షూటింగ్ అయిపోతుంది, నా వల్ల కాదే అని చెప్పి సంగీత్‌లోకి మార్చా. బాబాయి కోసమని చెప్పి మొదలుపెట్టగానే ఆయన "ఉండండి, వంటవాళ్ళని ఒకసారి చూసొస్తా" అని లేచి వెళ్ళిపోయాడు. పాట అయ్యాక కూడా రాలేదు. పిన్ని వెళ్ళి తీసుకొచ్చింది. రాత్రి భోజనాలయ్యాక కుర్చీలు గుండ్రంగా వేసుకున్నప్పుడు మాత్రం ఆయనే నా పక్కన సెటిలై ప్రియతమా నా హృదయమా దగ్గర మొదలుపెట్టి వరసగా ఇళయరాజా పాటలు పాడించాడు, మౌనమేలనోయి మాట ప్రకారం రెండుసార్లు, కాఫీ వచ్చేదాకా ఎవరూ లేవలేదు.

వాయించేవాళ్ళ కోసం కొన్ని పనికొచ్చే సంగతులు. లాహిరి లాహిరి లాహిరిలో వాయిస్తే, 1957 మాయాబజార్ పాట, అది మోహన రాగం, స రి గ ప ద, సి లో పెట్టుకుంటే సి డి ఈ జి ఏ, అంతే. సి మేజర్, ఏ మైనర్ కార్డ్స్‌లో ఉన్న స్వరాలన్నీ రాగంలోవే కాబట్టి హాయిగా కూర్చుంటాయి, కానీ మామూలు జి కార్డ్‌లో బి ఉంటుంది, అది మోహనలో లేని నిషాదం, వినేవాళ్ళకి ఎందుకో చెప్పలేరు గానీ ఎక్కడో పంటికింద రాయిలా తగులుతుంది. జి పట్టుకునేటప్పుడు అయిదో తీగ మ్యూట్ చేసి, రెండో తీగ మూడో ఫ్రెట్‌లో నొక్కండి, బి పూర్తిగా మాయం. ఇంకో మ్యాజిక్ ఏంటంటే ఆ అయిదు స్వరాలనే డి ని స అనుకుని వాయిస్తే మధ్యమావతి అయిపోతుంది, కచేరీ చివర్లో శుభంగా ముగించడానికి వాడే రాగం. లాహిరి లాహిరితో ముగించేటట్టయితే చివర్లో మెల్లగా డి మీదకి జారిపోయి నాలుగు ముక్కలు అలా వాయించి ఆపండి, మా పెదనాన్న లాంటి వాళ్ళు వెంటనే పట్టేసి తలూపుతారు, తెలియనివాళ్ళకి కూడా అయిపోయింది అని అర్థమవుతుంది.

కొత్త తీగలు పెళ్ళికి ముందు రోజు వెయ్యకండి, సాగుతూనే ఉంటాయి, ప్రతి పాటకీ ట్యూన్ చేసుకోవాలి, కొన్ని రోజుల ముందే వేసి బాగా వాయించి ఉంచండి. గోదావరి జిల్లాల ఉక్కకి చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, బార్ కార్డ్స్, అంటే ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి, పట్టుకుంటే వేళ్ళు వాచిపోతాయి, అందుకని అలాంటి ఎఫ్ కార్డ్ తక్కువ పడేలా స్కేల్ చూసుకోవడం మంచిది. సౌండ్ వాళ్ళు గిటార్ రంధ్రం ముందు మైక్ పెట్టేసి వాల్యూమ్ పెంచుతారు, వెంటనే కూతపెడుతుంది, పికప్, అంటే గిటార్‌లోనే మైక్ లాంటిది, ఉన్న గిటార్ అయితే వైర్ మీ సొంతదే తీసుకెళ్ళండి, వాళ్ళ దగ్గర ఉన్నది ఎప్పుడూ లూజే. కాపోలు రెండు పెట్టుకోండి, ఒకటి పిల్లలు ఎత్తుకెళ్ళి చీరలకి క్లిప్పులా పెట్టుకుని తిరుగుతారు.